జరాయువు – ప్రాణవాయువు: ఒక ఉపమానం నడిపిన చరిత్ర

సృష్టిలోని ప్రాణులను మన పూర్వులు నాలుగు తెగలుగా విభజించినారు. గుడ్డునుండి పుట్టేవి అండజాలు. చెమటనుండి పుట్టేవి స్వేదజాలు. నేలను చీల్చుకొని మొలిచేవి ఉద్భిజ్జాలు. మావితో పుట్టేవి జరాయుజాలు. మనుష్యుడు జరాయుజుడు. మన తెగకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు పెద్దలు మన బుద్ధినిగాని వాక్కునుగాని ఎన్నుకోలేదు. కాన్పు కాగానే గోతిలో పూడ్చివేసే ఒక మాంసపు ముద్దను ఎన్నుకొన్నారు. ఆలోచించిన కొద్దీ అది ఎంత లోతైన ఎన్నికో తెలుస్తుంది.

తెలుగులో మావి అన్నా మాయ అన్నా అదే. జరాయువు అనే సంస్కృత శబ్దానికి ‘జరను పొందేది’ అని వ్యుత్పత్తి చెబుతారు. జర అంటే ముసలితనం. తొమ్మిది నెలలలోనే మొలిచి, పెరిగి, ముదిరి, పని ముగియగానే రాలిపోయే అవయవం మానవ శరీరంలో మరొకటి లేదు. కనుక ఈ వ్యుత్పత్తి శాస్త్రానికి కూడా సరిపోతుంది.

ఈ మావిలోని కణాలకు ప్రాణవాయువు తక్కువైతే ఏమవుతుంది? ‘ఇదేమి ప్రశ్న, ఊపిరాడకపోతే ఎవరికైనా హానియే కదా’ అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు కూడ చాలాకాలం అలాగే అనుకొన్నారు. గడచిన నలభై యేళ్లలో వచ్చిన సమాధానం వేరు. ఒకే కొరత ఒక నెలలో ఆ కణాలను పెంచుతుంది, మరొక నెలలో చంపుతుంది. ఈ సంగతి తెలియడానికి ఇంత ఆలస్యం కావడానికి ఒక ఉపమానం కొంత కారణమని నాకు తోస్తుంది. ‘మావి గర్భంలోని ఊపిరితిత్తి’ అన్నదే ఆ ఉపమానం. ఉపమానం ఎంతవరకు దారి చూపుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఈ చరిత్రలో చక్కగా కనబడుతుంది. భాష చెప్పుకొని బ్రతికిన నాబోటివాడు ఈ కథలో తలదూర్చడానికి అదే సాకు.

చరక సంహిత శారీరస్థానం ఆరవ అధ్యాయంలో గర్భస్థ శిశువు పోషణను గూర్చిన వివరణ ఉన్నది. శిశువు నాభికి నాడి అంటుకొని ఉంటుంది, ఆ నాడికి ‘అపర’ అంటుకొని ఉంటుంది, అపర తల్లి హృదయంతో ముడిపడి ఉంటుంది, తల్లి హృదయం ఆ మార్గంలో శిశువును తడుపుతూ ఉంటుంది అని అందులోని భావం. అపర అంటే మావి. ఇక్కడ మావి అన్నం పెట్టేది. ఊపిరి ప్రసక్తి లేదు.

యూరపులో 1559లో రియాల్డో కొలంబో అనే ఇటలీ శరీరశాస్త్రవేత్త దీనికి ‘ప్లాసెంటా’ అనే పేరు వాడినాడు. లాటినులో ఆ మాటకు బిళ్లలాంటి అప్పం అని అర్థం. ఆకారాన్ని చూసి పెట్టిన పేరు అది. పనిని చూసి పెట్టినది కాదు. తరువాత 1651లో విలియం హార్వే అసలు ప్రశ్న వేసినాడు. రక్తప్రసరణను నిరూపించిన హార్వేయే ఈయన. గర్భంలో నెలల తరబడి గాలి పీల్చకుండా బ్రతికే శిశువు, పుట్టి ఒక్కసారి ఊపిరి తీసుకొన్న తరువాత గాలి లేకపోతే క్షణాలలో ఎందుకు చనిపోతుంది? దీనికి ఆయన వద్ద జవాబు లేకపోయింది.

జవాబు చెప్పినవాడు జాన్ మేయో అనే ఆంగ్ల వైద్యుడు. గాలిలో నిప్పును మండించేదీ ప్రాణిని బ్రతికించేదీ అయిన ఒక సూక్ష్మ పదార్థం ఉన్నదని ఆయన నమ్మినాడు. తల్లి రక్తంనుండి ఆ పదార్థం మావి ద్వారా శిశువుకు అందుతున్నదనీ, కనుక మావిని గర్భాశయపు కాలేయమనడం కంటె గర్భాశయపు ఊపిరితిత్తి అనడం ఉచితమనీ 1674లో వ్రాసినాడు. ఆక్సిజన్ కనుగొనడానికి ఇంకా నూరేళ్లున్నది. వాయువు పేరు తెలియక ముందే దాని పనిని పట్టుకొన్న ఆ ఊహకు నమస్కరించవలసిందే. మన కథలోని ఉపమానం ఇక్కడే పుట్టింది.

పిమ్మట 1754లో, నెలలు నిండి మరణించిన ఒక గర్భిణి శరీరంలోకి రంగు మైనం ఎక్కించి జాన్ హంటర్ పరిశీలించినాడు. తల్లి ధమనులనుండి మైనం మావిలోని ఖాళీలలోకి వచ్చింది కాని శిశువు రక్తనాళాలలోకి పోలేదు. తల్లి రక్తం, బిడ్డ రక్తం పక్కపక్కన పారుతాయి, కలవవు. ఆయన అన్న విలియం హంటర్ 1774లో ముప్పైనాలుగు పెద్ద చిత్రపటాలతో గర్భాశయ గ్రంథాన్ని ప్రచురించినాడు. అదే సంవత్సరం ఆగస్టులో ప్రీస్ట్లీ పాదరస భస్మాన్ని వేడిచేసి కొత్త వాయువును పట్టినాడు. లవోయిజియె దానికి ‘ఆమ్లాలను పుట్టించేది’ అనే అర్థంలో ఆక్సిజన్ అని పేరు పెట్టినాడు. మన పాత వాచకాలలోని ‘ఆమ్లజని’ దానికి తెలుగు. ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉండదని తరువాత తేలింది, కాని పేరు నిలిచిపోయింది. పేర్లకు ఆయుర్దాయం ఎక్కువ.

చార్లెస్ డార్విన్ తాతగారైన ఎరాస్మస్ డార్విన్ 1794లో మావిని శ్వాసావయవంగా వర్ణించినాడు. 1876లో పాల్ జ్వైఫెల్ అనే వైద్యుడు, ఇంకా ఊపిరి తీయని శిశువు బొడ్డుతాడు రక్తాన్ని వర్ణపటదర్శినితో చూసి, ఆక్సిజన్ పట్టుకొన్న హిమోగ్లోబిన్ జాడ అందులో ఉన్నదని నిరూపించినాడు. ఉపమానం సత్యమైపోయింది. రెండు వందల యేళ్ల నాటి మేయో ఊహ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది.

ఇక కణాల సంగతి. మావి బిడ్డవైపు భాగం లెక్కలేనన్ని సన్నని కొమ్మలు వేసిన చెట్టు వంటిది. ఆ కొమ్మలను చూషకాలంటారు. నెలలు నిండేసరికి చూషకాల పైతలమంతా పరిస్తే పది చదరపు మీటర్లు దాటుతుంది. చిన్న గది నేలంత అన్నమాట. ఈ తలాన్ని కప్పే కణాలకు 1889లో హ్యూబ్రెక్ట్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు, ముళ్లపందుల గర్భాలను పరిశీలిస్తూ, ట్రోఫోబ్లాస్ట్ అని పేరు పెట్టినాడు. పోషించే మొలక అని గ్రీకు భాషలో అర్థం. ఇక్కడ కూడ నామకరణం అన్నం పెట్టే పనినిబట్టే జరిగింది.

ఈ కణాలలో లోపలి వరుస సైటోట్రోఫోబ్లాస్ట్. ఇవి వేరువేరుగా ఉండి విభజన చెందుతూ ఉంటాయి. వీటికి రెండు దారులున్నాయి. కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి హద్దులు లేని ఒకే పొరగా మారుతాయి. ఆ పొర పేరు సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్. కోట్ల కేంద్రకాలున్న ఒకే మహాకణం అనవచ్చు. తల్లి రక్తంలో తడిసేది, ఆహారాన్నీ వాయువునూ చేదుకొనేది, హార్మోనులు తయారుచేసేది ఇదే. కణాలు ఇట్లా కలవడానికి తోడ్పడే సిన్సైటిన్ అనే ప్రోటీను, ఒకానొక కాలంలో మన పూర్వప్రాణుల జన్యువులలో చేరిపోయిన వైరస్ సొత్తని 2000లో తేలింది. మరికొన్ని సైటోట్రోఫోబ్లాస్టులు రెండవ దారి పట్టి, తల్లి గర్భాశయపు గోడలోకి చొచ్చుకొని పోయి, అక్కడి సర్పిల ధమనుల గోడలను కరిగించి వెడల్పు చేస్తాయి. సన్నని పిల్లకాలువలను పెద్ద కాలువలుగా త్రవ్వే పని అది. ఈ రెండు దారులలో ఏ కణం ఎప్పుడు ఎటు పోవాలన్నది చాలవరకు ఆక్సిజన్ మీద ఆధారపడి ఉన్నదని తెలియడమే ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాల కథ.

ఆ కథకు ముందు పర్వతాల కథ ఒకటి ఉన్నది. కేంబ్రిడ్జికి చెందిన జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ప్రయోగం కోసం తన శరీరాన్నే పణంగా పెట్టిన మనిషి. 1920లో గాజుగదిలో ఆరు రోజులు మూసుకొని, లోపలి ఆక్సిజన్‌ను తగ్గించుకొంటూ కూర్చున్నాడు. 1921–22లో పెరూ దేశంలోని సెరొ దె పాస్కొ అనే ఎత్తైన గనుల పట్టణానికి వెళ్లి పలుచని గాలిలో మనిషి రక్తం ఎట్లుంటుందో కొలిచినాడు. తరువాతి యేళ్లలో ఆయన దృష్టి గొఱ్ఱెల గర్భాలమీదికి మళ్లింది. గర్భస్థ శిశువు రక్తంలో ఆక్సిజన్ పీడనం ఎంత తక్కువగా ఉన్నదో చూసి, గర్భంలోని శిశువు ఎవరెస్టు శిఖరంమీద ఉన్నట్లున్నదని పోల్చినాడు. 1954లో నికొలస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా వైద్యుడు ఆ మాటనే తన ఉపన్యాసానికి శీర్షికగా పెట్టుకొన్నాడు.

ఈ పోలిక అంకెలకు కూడ నిలుస్తుంది. మన ధమనులలో ఆక్సిజన్ పీడనం సుమారు 95 పాదరస మిల్లీమీటర్లు. బొడ్డుతాడు సిరలో, అంటే మావినుండి శిశువుకు పోయే అతి శుభ్రమైన రక్తంలో, అది 30 దరిదాపులలో ఉంటుంది. 2007లో ఎవరెస్టు ఎక్కిన బ్రిటిష్ వైద్యబృందం 8,400 మీటర్ల ఎత్తున నలుగురు ఆరోహకుల ధమనుల రక్తం తీసి చూస్తే సగటు 24.6 వచ్చింది. ఆ ఎత్తున పెద్దవారు అడుగు తీసి అడుగు వేయలేరు. గర్భంలో శిశువు మాత్రం హాయిగా పెరుగుతుంది. దాని హిమోగ్లోబిన్ వేరు, తక్కువ పీడనంలోనే ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొంటుంది. కాని ‘ఎవరెస్టు’ అనగానే మన మనస్సులో మెదిలేది ఆపద. ఊపిరితిత్తి అన్న పాత ఉపమానానికి ఎవరెస్టు అన్న కొత్త ఉపమానం తోడై, గర్భంలో ఆక్సిజన్ తక్కువ కావడమంటే ఎప్పుడైనా కష్టమే అన్న భావాన్ని మరింత గట్టిపరచింది.

ఆ భావానికి వైద్యశాలలలో బలమైన ఆధారమే ఉన్నది. గర్భిణికి రక్తపోటు పెరిగి, ఒళ్లు నీరుపట్టి, మూత్రంలో ప్రోటీను పోయే జబ్బును ప్రీ ఎక్లంప్సియా అంటారు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. ఆ మూర్ఛలనే మన పల్లెలలో గుర్రపువాతం అనేవారు. నూటికి రెండు మొదలు ఎనిమిది గర్భాలలో ఈ జబ్బు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం నేటికీ ఏటా 40,000కు పైగా తల్లులు దీనికి బలియవుతున్నారు. మావి బయటపడితేగాని ఇది పూర్తిగా తగ్గదు. కనుక దోషం మావిలోనే ఉండాలి. 1939లో ఎర్నెస్ట్ పేజ్ అనే వైద్యుడు, గర్భాశయానికి రక్తం చాలకపోవడమే దీనికి మూలమన్నాడు. 1967లో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే ముగ్గురు సహజ గర్భంలో సర్పిల ధమనులు ఎట్లా వెడల్పవుతాయో వర్ణించినారు. జబ్బు పడిన గర్భాలలో ఆ వెడల్పు సరిగా జరగలేదని 1972లో చూపినారు. కాలువ త్రవ్వకం మధ్యలో ఆగిపోయింది, పంట ఎండింది అన్నట్లు.

అయితే ఇది కళేబరాలలోనూ శస్త్రచికిత్స ముక్కలలోనూ కనబడిన చిత్రం. బ్రతికి ఉన్న కణం ఏమి చేస్తుందో చూడాలంటే దానిని పాత్రలో పెంచగలగాలి. 1968లో పాటిలొ, గై అనే ఇద్దరు మావి కణాల క్యాన్సరునుండి బివో అనే కణవంశాన్ని నిలబెట్టినారు. ఈ గై, 1951లో ప్రసిద్ధమైన హీలా కణాలను పెంచిన జార్జ్ గైయే. ఇక్కడ ఒక తెలుగు ముడి ఉన్నది. మావి కణాలకు వచ్చే ఆ క్యాన్సరును 1956 ప్రాంతంలో మొట్టమొదట మాన్పిన మందు మెథోట్రెక్సేట్. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాల ఇచ్చిన మందు.

1986లో హార్వే క్లైమన్ బృందం, కాన్పు తరువాత పారవేసే మావినుండి సైటోట్రోఫోబ్లాస్టులను శుద్ధంగా వేరుచేసే పద్ధతిని ప్రచురించింది. పాత్రలో వేసిన ఆ కణాలు కొద్దిరోజులలో తమంతట తామే దగ్గరకు చేరి, హద్దులు చెరిపివేసుకొని కలిసిపోవడం కంటికి కనబడింది. ఇక కొరత ప్రయోగాలకు దారి దొరికినట్లయింది. పారిస్‌లో అల్సా బృందం 1996లో, ఆక్సిజన్ తగ్గించిన పాత్రలలో ఆ కణాలు పక్కపక్కన చేరినా సరిగా కలిసిపోవడం లేదని, హార్మోను తయారీ తగ్గిందని చూపింది. కొరతలో ఈ కణాలు ఎక్కువగా ఆత్మనాశం చేసుకొంటున్నాయని అమెరికాలోని సెయింట్ లూయీ పరిశోధకులు చూపినారు. అన్నీ ఒకే మాట చెప్పినట్లుగా ఉన్నది. కొరత అంటే హాని.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది.

మావి మొదటి మూడు నెలలలో ఎట్లుంటుందన్నది చాలాకాలం ఊహామాత్రం. నెలలు నిండిన మావిని చూసి, చిన్న మావి కూడ అట్లాగే పనిచేస్తుందని అనుకొన్నారు. తొలివారాల గర్భాలలో తల్లి సర్పిల ధమనుల నోళ్లలో ట్రోఫోబ్లాస్ట్ కణాలు బిరడాలవలె క్రిక్కిరిసి ఉండడం బాయిడ్, హామిల్టన్ వంటి పాత శరీరశాస్త్రజ్ఞులు చూడకపోలేదు. దాని అర్థం ఎవరూ పట్టించుకోలేదు. 1987లో బెల్జియం వైద్యులు హుస్టిన్, షాప్స్ అల్ట్రాసౌండుతోనూ సూక్ష్మదర్శినితోనూ చూసి, మొదటి మూడు నెలలలో చూషకాల మధ్యకు తల్లి రక్తం ధారగా రావడమే లేదని, స్వచ్ఛమైన ద్రవం మాత్రమే ఊరుతున్నదని అన్నారు. ఊపిరితిత్తి అనుకొన్న అవయవానికి ఊపిరి ద్వారం మూసి ఉన్నది!

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కొలిచి చూడాలి కదా. 1992లో రొడెష్ బృందం సన్నని సూది వంటి ఎలక్ట్రోడుతో కొలిచి చూసింది. ఎనిమిది నుండి పది వారాల గర్భంలో మావి లోపల ఆక్సిజన్ పీడనం సుమారు 18 మిల్లీమీటర్లు. పన్నెండు పదమూడు వారాలకు అది 60 దరిదాపులకు చేరింది. పక్కనే ఉన్న తల్లి గర్భాశయపు పొరలో ఎనిమిదవ వారంలోనే 40 ఉన్నది. అంటే తల్లివద్ద లేక కాదు. బిడ్డవైపు తలుపు వేసి ఉన్నది, అంతే. ఎరిక్ జోనియో, గ్రాహం బర్టన్ తమ సహచరులతో కలిసి 2000లో ఈ సంగతిని తిరిగి ధ్రువపరచినారు. పదవ వారం దాటిన తరువాత ఆక్సిజన్ రెండింతలు మూడింతలు పెరిగినప్పుడు, ఆ దెబ్బను తట్టుకొనే రక్షక ఎంజైములు కూడ మావి కణాలలో పెరుగుతాయని చూపినారు. బిరడాలు ఎంత గట్టివి, ఎంత నీటికి దారి ఇస్తాయి అన్న విషయంలో తరువాత కూడ చర్చలు సాగినాయి. తొలివారాలలో ఆక్సిజన్ తక్కువన్న సంగతి మాత్రం నిలిచింది.

మరి ఆ వారాలలో పిండం బ్రతికేదెట్లా? గర్భాశయపు గోడలోని గ్రంథులు స్రవించే పోషకద్రవం చూషకాల మధ్యకు చేరుతున్నదని బర్టన్ బృందం 2002లో వెల్లడించింది. ముందు అన్నం, తరువాత ఊపిరి. చరకుడు ఊపిరి ప్రసక్తి లేకుండా పోషణను మాత్రమే చెప్పడం, హ్యూబ్రెక్ట్ ‘పోషించే మొలక’ అని పేరు పెట్టడం ఈ తొలివారాలకు అతికినట్లు సరిపోయినాయి. వారికి ఇది తెలిసి చెప్పినారని నేననను. పాత పేర్లు ఒక్కొక్కప్పుడు కొత్త సత్యానికి చోటిస్తాయని మాత్రం అంటాను.

తలుపు ఎందుకు వేసి ఉంటుంది? ఆక్సిజన్ బ్రతికిస్తుంది, కాలుస్తుంది కూడ. అవయవాలు రూపుకట్టే ఆ వారాలలో దానినుండి పుట్టే చురుకైన అణువులు పిండం కణాలకు ముప్పు. అప్పటికి సిన్సీషియో పొరలో రక్షక ఎంజైములు బహు తక్కువ. తలుపు తెరచుకొనేది కూడ ఒక క్రమంలోనే. మొదట మావి అంచులలో రక్తం ప్రవేశిస్తుంది. అక్కడి చూషకాలు ఆ తాకిడికి కృశించి నున్నని పొరగా మారుతాయి. నడుమ మిగిలినవి బిళ్ల ఆకారపు మావిగా స్థిరపడతాయి. కొలంబో అప్పంతో పోల్చిన ఆ గుండ్రని ఆకారాన్ని మలచడంలో ఆక్సిజన్‌కు కూడ చేయి ఉన్నదన్నమాట. తలుపు వేళకు ముందే, అన్ని వైపులా ఒక్కసారిగా తెరచుకొంటే గర్భం నిలవదు. గర్భస్రావమైన చాలా సందర్భాలలో అట్లా జరిగి ఉండడం జోనియో బృందం చూసింది.

ఇదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓల్గా జెన్‌బాచెవ్, సూసన్ ఫిషర్ కణాలనే ప్రశ్నించినారు. 1996, 1997 సంవత్సరాలలో వారు ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగంలో మైలురాళ్లు. తొలివారాల సైటోట్రోఫోబ్లాస్టులను 2 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే అవి విభజన చెందుతూ సంఖ్య పెంచుకొంటాయి, కాని గోడలోకి చొచ్చుకుపోయే రూపం దాల్చవు. 20 శాతంలో ఉంచితే విభజన మాని చొచ్చుకుపోయే గుణం తెచ్చుకొంటాయి. కొరత వాటిని చంపలేదు, సైన్యాన్ని పెంచింది. తల్లి ధమనుల దరికి, అంటే ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న చోటికి, చేరినప్పుడు ఆ సైన్యం ఆయుధం పడుతుంది.

కణానికి కొరత తెలిసేదెట్లా? గ్రెగ్ సెమెంజా 1990ల మొదట్లో, వేరే విషయం పరిశోధిస్తూ, హిఫ్ అనే ప్రోటీనును కనుగొన్నాడు. ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు కొన్ని ఎంజైములు ఆ ప్రోటీనుకు ఆక్సిజన్‌తోనే ఒక గుర్తు వేస్తాయి. గుర్తు పడినది వెంటనే నాశనమవుతుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. ప్రోటీను మిగిలిపోయి కేంద్రకంలోకి పోయి వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ గుర్తు రహస్యం 2001లో బయటపడింది. సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. మావి కణాలలోనూ ఇదే యంత్రాంగం పనిచేస్తున్నదనీ, తొలివారాలలో హిఫ్ ఎక్కువగా ఉండి కణాలను చొరబాటు రూపం దాల్చకుండా పట్టి ఉంచుతుందనీ, ఆక్సిజన్ పెరిగినప్పుడు అది తగ్గి పట్టు సడలుతుందనీ టొరంటోలో ఇసబెల్లా కనిజియా బృందం 2000లో చూపింది.

ఇంతటితో వివాదం సమసిందని అనుకోకూడదు. కొన్ని ప్రయోగశాలలలో తక్కువ ఆక్సిజన్ కణాల చొరబాటును తగ్గించలేదు, పెంచింది. కణాలు ఏ వారానివి, శుద్ధమైనవా కణవంశానివా అన్న భేదాలు కొంత కారణం. అంతకంటె పెద్ద కారణం మరొకటి ఉన్నది. ప్రయోగశాలలో ‘మామూలు’ అన్నది గదిలోని గాలి, ఇంచుమించు 20 శాతం ఆక్సిజన్. కాని మావిలో ఏ కణమూ పుట్టినది మొదలు రాలిపోయేవరకు ఆ స్థాయిని చూడదు. 60 మిల్లీమీటర్లంటే 8 శాతమే. పన్నెండవ వారపు కణానికి 20 శాతం మితిమీరిన ఐశ్వర్యం. 2 శాతం తొలివారాల కణానికి కొరతయే కాదు, పుట్టిల్లు. హైపాక్సియా, అంటే తక్కువ ఆక్సిజన్, అన్న పేరు దేనికంటె తక్కువ అన్న ప్రశ్నను మరుగుపరచింది. బర్టన్ వంటివారు ఈ మాట వాడుకమీద పదేపదే హెచ్చరించినది అందుకే.

ఈ సందర్భంలో నాకు మన అలంకారశాస్త్రం గుర్తుకు వస్తుంది. కావ్యదోషాలు కొన్ని నిత్యాలు, కొన్ని అనిత్యాలని ఆలంకారికులు విభజించినారు. చెవికి కటువైన శబ్దాలు శృంగారంలో దోషం. అవే రౌద్రంలో గుణం. దోషం శబ్దంలో లేదు, రసానికి అది తగిందా కాదా అన్నదానిలో ఉన్నది. మావి కణాలకు ఆక్సిజన్ కొరత అటువంటి అనిత్యదోషం. ఎనిమిదవ వారంలో అది గుణం, ముప్పయ్యవ వారంలో దోషం.

ముప్పయ్యవ వారంలో దోషమన్న మాట తేలికగా తీసుకొనేది కాదు. ధమనులు సరిగా వెడల్పు కాకపోతే రక్తం తక్కువగా వస్తుంది, అంతకంటె ముఖ్యంగా కుదుపులతో వస్తుంది. వెడల్పైన ధమని నోటివద్ద రక్తం సెకనుకు పది సెంటీమీటర్ల ప్రాంతపు నెమ్మదితో వస్తుందనీ, ఇరుకు నోటినుండి మీటరుకు మించిన వేగంతో చిమ్ముతుందనీ బర్టన్ బృందం 2009లో లెక్క కట్టింది. ఆ ధమనులు ముడుచుకొంటూ తెరచుకొంటూ ఉంటే ఆక్సిజన్ పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. నిలకడైన కొరతకంటె ఈ ఎగుడుదిగుడు కణాలను ఎక్కువ గాయపరుస్తుందని ఆ బృందమే 2001లో మావి ముక్కలమీద చూపింది. కాన్పు నొప్పులలోనూ ఇట్లాంటి ఒత్తిడి మావికి తగులుతుంది. అందుచేత పరిశోధనకు మావిని తీసుకొనేటప్పుడు అది నొప్పులు పడిన కాన్పుదా, నొప్పులకు ముందే శస్త్రచికిత్స చేసి తీసినదా అని అడగడం నియమమైంది.

గాయపడిన మావి ఏమి చేస్తుంది? 2003లో బోస్టన్‌లో షారన్ మేనార్డ్, అనంత్ కరుమంచి బృందం ఒక జవాబు చెప్పింది. జబ్బు పడిన మావి ఎస్-ఫ్లిట్-1 అనే ప్రోటీనును అతిగా విడుదల చేస్తుంది. అది తల్లి రక్తంలో తిరుగుతూ, రక్తనాళాలకు ఆరోగ్యమిచ్చే పదార్థాలను పట్టి బంధిస్తుంది. తల్లి నాళాలు దెబ్బతిని రక్తపోటు పెరుగుతుంది. ఆక్సిజన్ తగ్గించిన పాత్రలలో ట్రోఫోబ్లాస్ట్ కణాలు ఆ ప్రోటీనును ఎక్కువ చేస్తాయని తరువాత తేలింది. ఇప్పుడు ఆ ప్రోటీను నిష్పత్తిని రక్తంలో కొలిచి, రానున్న వారంలో జబ్బు వచ్చే అవకాశాన్ని తోసిపుచ్చగలిగే పరీక్ష ఉన్నది. ముప్పు ఎక్కువ ఉన్నవారికి తొలి నెలలనుండే వైద్యులు ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్, నెలలు నిండకముందే వచ్చే జబ్బును సగానికి పైగా తగ్గించగలదని 2017లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. గుర్రపువాతానికి భయపడి దిష్టి తీసిన కాలంనుండి ఇది ఎంత దూరమో ఆలోచించండి.

పర్వతాల మాట మరొక్కసారి. నిజంగా ఎత్తుమీద నివసించే తల్లుల మావి ఏమి చేస్తుంది? అమెరికాలోని లెడ్‌విల్ 3,100 మీటర్ల ఎత్తున ఉన్నది. బొలీవియాలోని లాపాజ్ 3,600 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు బిడ్డ బరువు సుమారు నూరు గ్రాములు తగ్గుతుందని లొర్నా మూర్ బృందం 1997లో చూపింది. ఎత్తున ప్రీ ఎక్లంప్సియా కూడ ఎక్కువే. అయితే వేల యేళ్లుగా ఆ కొండలమీద ఉన్న ఆండీస్, టిబెట్ జాతుల తల్లుల బిడ్డలకు ఆ నష్టం తక్కువ. టిబెట్ ప్రజలలో ప్రత్యేకంగా మారిన జన్యువు ఒకటి 2010లో దొరికింది. అది హిఫ్ కుటుంబంలోదే. ఎత్తున పెరిగిన మావి చేతులు ముడుచుకొని కూర్చోదు. రక్తనాళాలను పెంచుకొంటుంది, తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ నడుమనున్న పొరను పలుచన చేసుకొంటుంది. కొరతతో బేరమాడడం మావికి పుట్టుకతో వచ్చిన విద్య.

2018లో కేంబ్రిడ్జిలోనూ జపానులోనూ తొలివారాల మావి కణాలను దీర్ఘకాలం పెంచగల పద్ధతులు వచ్చినాయి. ఒకచోట అవి పాత్రలోనే బుల్లి చూషకాల వంటి ముద్దలుగా పెరిగినాయి. తొలివారాల మావిని నేరుగా చూడలేని చోట ఇవి కిటికీల వంటివి. వాటిని ఎంత ఆక్సిజన్‌లో పెంచాలన్నది ఇప్పుడు మొట్టమొదట వేసుకొనే ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకోవడానికి మేయో నుండి మూడు వందల యేళ్లకు పైగా పట్టింది.

మేయో ఉపమానం అబద్ధం కాదు. అది నాల్గవ నెలనుండి సత్యం. ఉపమేయానికి ఎప్పుడూ ఒకే వయస్సు ఉంటుందని అనుకోవడమే చిక్కు తెచ్చింది. జరాయువు అన్న పేరులోనే వయస్సు ఉన్నదన్న సంగతి మన నిఘంటువు చెబుతూనే ఉన్నది. వయస్సు మారితే అవసరం మారుతుంది. పసివాడికి వేసిన తలుపు పెద్దవాడికి వేస్తే చెర అవుతుంది. ఆ తలుపు వేళకు తెరచుకొన్నందువల్లనే ఇది వ్రాస్తున్న నేనూ, చదువుతున్న మీరూ ఇక్కడ ఉన్నాము.

ఈ విషయంలో వైద్యులు, జీవశాస్త్రం చదివిన మిత్రులు తమ మాట చేర్చితే సంతోషిస్తాను. స్వస్తి.